ఓడాయన చేపకు తోడు

నేను చేపల శాఖలో పనిచేశానని చెబితే విన్నవాళ్లు ఏ కాకినాడలోనో, ఏ మచిలీపట్నంలోనో చేశాననుకుంటారు. నా ఉద్యోగమంతా మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్యే గడిచింది. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ నిలబడినా సముద్రం కనిపించదు సరే, ఏడాదిలో సగం నెలలు చెరువుల్లో నీళ్లు కూడా కనిపించవు.

శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడడానికి వస్తుంటారు. వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" చెరువు వేలంలో జరిగిన కొట్లాటో, రాత్రికి రాత్రి చేపలన్నీ చచ్చి తేలిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఒకే ఒక్క చేప. వేలెడంత ఉండేది. మా శాఖకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు వానలు ముఖం చాటేశాయి. నేను అప్పుడు పుంగనూరులో ఉన్నాను. చెరువుల్లో చేపపిల్లలను వదలడం నా పని. నీళ్లు లేని చెరువులో ఏం వదులుతాను? గట్టు మీద నిలబడి చూస్తే అడుగంతా బీటలు, మధ్యలో సర్కారుతుమ్మ, దానికింద మేకలు. రోజూ ఆఫీసు తలుపు తెరవడం, ఫ్యాను కింద కూర్చోవడం, సాయంత్రం తలుపు వేయడం. ఆఫీసులో ఉండేది నేనూ, మా అటెండరూ. ఆయన నాకంటే పెద్దవాడు, మాటకారి. ఎవరైనా మెట్లెక్కే చప్పుడైతే, "మేడం, ఎవురో దావ తప్పి వస్తాండారు" అనేవాడు.

అటెండరు సాయంత్రం ఇంటికి పోతే ఇంట్లో ఆరుగురు మనుషులు. నేను పోతే బస్టాండు వెనక మిద్దె మీద ఒక గది. నాకు ఒకప్పుడు పెళ్లి కుదిరి తప్పిపోయింది. ఆ తరువాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గదికి పోయి ఒకరికి సరిపడా అన్నం వండుకోవడం ఎంత కష్టమో, చేసినవాళ్లకు తెలుస్తుంది. ఎప్పుడూ కాస్త మిగిలిపోతుంది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం నిజంగానే ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. వచ్చి నా ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, వీధిలోకి వినిపించేంత గట్టిగా అడిగాడు.

"అమ్మా, ఇది చేపల ఆఫీసే గదా?"

అవునన్నాను.

"నా చేప నేను పెడితే తింటాది. ఇంగొకరు పెడితే తినడంలేదు. దాన్ని తినేట్టు చేసేదానికి మందేమన్నా ఉండాదా?"

అటెండరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. నేను నవ్వలేదు. చాలా నెలల తరువాత ఒక మనిషి మా ఆఫీసుకు చేప గురించి వచ్చాడు.

ఏ చేప అని అడిగితే ఆయన, "సముద్రం చేపమ్మా. ఎర్రగా ఉంటాది. తెల్ల పట్టీలు మూడు" అన్నాడు. పుంగనూరులో సముద్రం చేపా అని నేను ఆ సాయంత్రమే ఆయన వెంట వెళ్లాను.

ఊళ్లో ఆయనను ఓడాయన అంటారని తరువాత తెలిసింది. భూములున్న రైతు కుటుంబంలో పుట్టి, మీసాలు మొలిచే వయసులో ఇంట్లో చెప్పకుండా మద్రాసుకు పోయి, ఓడల్లో ఇంజను గదిలో ఫిట్టరుగా చేరాడు. పనిచేసే వయసంతా అక్కడే గడిపాడు. ఇంజన్ల రొదకు చెవులు దెబ్బతిన్నాయి. అందుకే ఆ గట్టి గొంతు. ఓడ దిగినప్పుడల్లా ఇంట్లో పెళ్లి మాట ఎత్తేవాళ్లట. పిల్ల కుదిరేలోగా మళ్లీ ఓడ ఎక్కేసేవాడట. చివరికి రిటైరై సొంత ఊరికి వచ్చేసరికి అమ్మానాన్నా లేరు, అన్నదమ్ములు పాళ్లు పంచుకుని ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ఈయన భాగానికి రెండు గదుల ఇల్లు వచ్చింది.

ఆ ఇంటి ముందుగదిలో ఒక గోడ పొడవునా గాజుతొట్టి ఉంది. చెన్నై నుంచి ఉప్పు తెప్పించి, నీళ్లలో కలిపి, ఆ నీటిని సముద్రపు నీరులాగా తయారుచేసుకున్నాడు. కరెంటు పోతే గాలి ఆగకుండా లారీ బ్యాటరీ ఒకటి బిగించాడు. తొట్టి అడుగున రాళ్లు, ఒక మూలగా పక్కకు పడుకోబెట్టిన మట్టికుండ. ఆ కుండ మూతిలో నుంచి చేప తల బయటపెట్టి నన్ను చూసి, మళ్లీ లోపలికి పోయింది. ఇంగ్లీషులో దాన్ని క్లౌన్ ఫిష్ అంటారు. బఫూన్ చేప. దాని ముఖంలో నవ్వు మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు.

"ఇంత కష్టం యాల పడతాండావన్నా?" అని అడిగాను.

"ఓడలో ఉన్నన్నాళ్లు అడుగున, సముద్రం నీళ్లకు కిందనే ఉంటిని గానీ దాన్ని సూసింది లేదమ్మా. ఇంజను, నూనె, చప్పుడు అంతే. ఈడికొచ్చినాక సూస్తాండాను" అన్నాడు.

ఆయన తొట్టి అద్దం మీద వేలు పెట్టగానే చేప కుండలోంచి దూసుకొచ్చింది. వేలు ఎటు పోతే అటు పోయింది. నీళ్లలో చెయ్యి పెడితే వేళ్ల సందుల్లో దూరింది. ఆయన చిటికెడు మేత వేస్తే చేతి దగ్గరే తినింది. తరువాత నేను వేశాను. మేత నెమ్మదిగా కిందికి దిగి రాళ్ల మీద పడింది. చేప కుండలోంచి కదలలేదు.

మొదట రెండు చేపలుండేవట. చెన్నైలో జంటగా కొన్నాడు. రెండేళ్ల ముందు ఎండాకాలం, ఆయన బజారుకు పోయిన సమయంలో కరెంటు పోయి, బ్యాటరీ తీగ ఊడిపోయి, పెద్ద చేప చచ్చిపోయింది. చిన్నది మిగిలింది. అప్పటినుంచి ఒంటరిగానే ఉంది. ఈమధ్య కుప్పంలో చెల్లెలి ఇంట్లో పెళ్లికని నాలుగు రోజులు పోతే, పక్కింటివాళ్లు మేత వేసినా ముట్టలేదట. ఆయన తిరిగొచ్చేసరికి కడుపు లోపలికి పోయి ఉందట.

అప్పుడు నాకు చదువుకున్నది గుర్తొచ్చి ఆయనకు చెప్పాను. ఈ జాతిలో అన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడది అవుతుంది. అది పోతే మిగిలిన మగది కొన్నాళ్లకు పెరిగి ఆడది అయిపోతుంది. నీ దగ్గర మిగిలిన చిన్నది ఈపాటికి ఆడదై ఉంటుందన్నాను.

ఆయన అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. "రోజూ సూస్తానే ఉండాను. నాకు తెలియనే లేదే" అన్నాడు.

"దానికి తోడు కావాలన్నా. చిన్నదాన్ని ఒకదాన్ని తెచ్చి వదిలితే మేత కూడా బాగా తింటాది. ఎవురు వేసినా తింటాది."

ఆయన లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నేనుండాను గదమ్మా దానికి" అన్నాడు.

నేను మేత డబ్బా మూత బిగించాను.

తోడు వద్దన్నాడు కాబట్టి నా చేతి మేతకు దాన్ని అలవాటు చేయాలని చూశాం. ఆఫీసు మూశాక రోజూ వెళ్లేదాన్ని. ఆయన కుర్చీలోనే నేను కూర్చుని, ఆయన వేలు పెట్టేచోటే వేలు పెట్టేదాన్ని. ఒకరోజు ఆయన తన చొక్కా తెచ్చి, "ఇది తొడుక్కొని సూడండమ్మా" అన్నాడు. చీర మీద ఆ చొక్కా తొడుక్కుని నేను అద్దం ముందు కూర్చున్నాను. చేప మోసపోలేదు. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పుంగనూరులో నేను ఇంకెప్పుడూ అంతగా నవ్వినట్టు గుర్తులేదు.

నవ్వు ఆగాక ఆయన అసలు సంగతి చెప్పాడు. మదనపల్లెలో డాక్టరు చూసి, గుండె రక్తనాళాలు మూసుకుపోయాయనీ, వేలూరు పోయి ఆపరేషను చేయించుకోవాలనీ చెప్పాడట. నెలకు పైగా పట్టవచ్చట.

"ఎవురు తోడు వస్తాండారన్నా?" అని అడిగాను.

"దానికేముందమ్మా. ఆడికి పోతే నర్సులుంటారు" అన్నాడు. ఆ గట్టి గొంతు మొదటిసారి తగ్గింది. "దీనికే ఎవురూ లేరు."

రెండు మూడు రోజులు గడిచాక ఆయనే ఆఫీసుకు వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "తెప్పించండమ్మా. తోడు."

నాతో చదువుకున్న స్నేహితురాలు ఒకామె చెన్నైలో ఉండేది. ఆమెకు ఫోను చేశాను. ఆమె చేపను కొని, నీళ్లూ ఆక్సిజనూ నింపిన సంచిలో పెట్టి, బెంగళూరు రైలులో వచ్చే తెలిసినవాళ్ల చేతికి ఇచ్చింది. రైలు కుప్పంలో ఆగుతుంది. నేను పోయి స్టేషనులో అందుకున్నాను. కుప్పం నేను పుట్టిన ఊరు. మా అన్న ఇల్లు స్టేషనుకు దగ్గరే. చేప చచ్చిపోతుందని నాకు నేను చెప్పుకుని, ఇంటికి పోకుండా నేరుగా బస్సెక్కాను.

ఒళ్లో థర్మాకోల్ పెట్టె పెట్టుకుని పలమనేరు మీదుగా వస్తుంటే, పక్కసీటులో కూర్చున్నావిడ అడిగింది. "ఏందమ్మా అందులో?"

"చేప."

"ఒకటేనా? కూరకు యాడ సాలుతాది?"

"కూరకు కాదక్కా. ఇంగో చేపకు జత."

ఆమె కాసేపు నన్నే చూసి, "నీకు పెండ్లయిందా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

మా స్నేహితురాలు మంచి చేపను పంపాలని పెద్దదాన్ని పంపింది. నేను చెప్పింది చిన్నది కావాలని. ఫోనులో ఎక్కడో మాట తప్పిపోయింది. సంచి తెరిచి చూస్తే అది మా చేపకు సమానంగా ఉంది. అంత పెద్దదైతే అదీ ఆడదే అయ్యుంటుంది, రెండు ఆడవి ఒకచోట మామూలుగా పొసగవు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చినదాన్ని తిప్పి పంపే దారి లేదు. వేరే తొట్టి లేదు. ఓడాయన, "రెండిటికీ పడుతుందేమో సూద్దాంలేమ్మా" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. లైటు ఆర్పి, కొత్తదాన్ని అవతలి మూల రాళ్ల దగ్గర వదిలాం. అది రాళ్ల సందులో సర్దుకుంది. రెండూ చెరొక మూల కదలకుండా ఉండిపోయాయి. సర్దుకుపోతాయనుకుని నేను గదికి వెళ్లాను.

మరునాడు ఉదయం ఆయన నేను ఆఫీసు తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం చూస్తేనే తెలిసింది. ఇంటికి పోయి చూస్తే కొత్తదాని రెక్కలు చీలికలై ఉన్నాయి, ఒక కన్ను పోయింది. బకెట్టులోకి తీసి గాలి పెట్టాం. మధ్యాహ్నానికి అది పోయింది. మా చేప కుండ మూతి దగ్గర నిలబడి, ఏమీ జరగనట్టు ఆయన వేలు కోసం చూస్తోంది.

ఓడాయన చచ్చిన చేపను పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చాడు. చేతులు కడుక్కుని వచ్చి, "ఇంగ వద్దమ్మా. దానికి నేనుంటే సాలు, నేను లేకుంటే అదీ ఉండద్దు" అన్నాడు.

"ఆపరేషనుకు పోవా అన్నా?"

ఆయన కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాడు. అప్పుడు నాకు భయమేసింది. చేప గురించి కాదు.

ఇంతలో మదనపల్లె నుంచి పిలుపు వచ్చింది. మా పై అధికారి అక్కడుండేవారు. కోస్తా మనిషి, కుటుంబాన్ని అక్కడే వదిలి ఒంటరిగా ఉండేవారు, మాట తక్కువ. నేను వెళ్లి ఎదురుగా నిలబడితే ఫైలు లోంచి తల ఎత్తకుండానే అడిగారు.

"పుంగనూరులో ఎవరింట్లోనో చేపకు పెళ్లి చేస్తున్నారట?"

"పెళ్లి చెడిపోయింది సార్" అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన తల ఎత్తారు. జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఈసారి వేలుగోరంత పిల్లను తెప్పించండి. నేరుగా వదలొద్దు. చిల్లుల బుట్టలో పెట్టి తొట్టిలో దించండి. కొన్నాళ్లు చూసుకోనివ్వండి" అన్నారు. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి మళ్లీ పిలిచి, "బుట్ట తీసే రోజు నాకు చెప్పండి" అన్నారు.

ఓడాయనను ఒప్పించడం అంత సులభంగా జరగలేదు. నేను చెప్పేది విని అద్దం వైపు తిరిగి కూర్చునేవాడు. చివరికి ఒప్పించింది నేను కాదు, మా అటెండరు. ఆయన ఒకరోజు నాతో వచ్చి, తొట్టి చుట్టూ తిరిగి చూసి, ఓడాయన చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాడు.

"అన్నా, నువ్వు ఆపరేషను లేకుండా ఈడే పోతే, ఇది నీ ముందరే ఉండి సూడాల గదన్నా. తరవాత ఇది ఎవురి మొగం సూడాల?"

ఓడాయన ఆయన వంక అలాగే చూశాడు. తరువాత లేచి వంటింట్లోకి పోయి, కూరగాయలు కడిగే ప్లాస్టిక్ బుట్ట ఒకటి తెచ్చాడు. మూతకు తీగ కట్టడం మొదలుపెట్టాడు. ఫిట్టరు చేతులు కదా, సాయంత్రానికి అది చక్కటి పంజరమైంది.

ఈసారి వచ్చిన పిల్ల నిజంగా వేలుగోరంతే ఉంది. పట్టీలు కూడా పూర్తిగా ఏర్పడలేదు. బుట్టను దించగానే పెద్ద చేప ఎగిరొచ్చి తలతో బుట్టను కొట్టింది. మళ్లీ కొట్టింది. లోపల పిల్ల మూలకు అంటుకుపోయింది. మరునాడూ అంతే. ఆయన చెయ్యి పెట్టినా దాని ధ్యాసంతా బుట్ట మీదే. అలా రోజులు గడిచేకొద్దీ కొట్టడం తగ్గింది. బుట్ట చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఓడాయన నోటికి వేలు అడ్డం పెట్టి పిలిచాడు. పెద్ద చేప కుండను వదిలి, బుట్టకు ఆనుకుని పడుకుంది. లోపల పిల్ల అదే వైపుకు చేరి ఉంది. మధ్యలో ప్లాస్టిక్ చిల్లులు.

"మొదటిసారమ్మా, కుండ విడిసి పండుకొనేది" అన్నాడు. గొంతు తగ్గించి చెప్పానని ఆయన అనుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు తొంగిచూశారు.

వేలూరు పోవలసిన తేదీ దగ్గరపడింది. ఇక ఆగడానికి లేదు. బుట్ట తీసే రోజున మా పై అధికారి చెప్పినట్టే వచ్చారు. కరువు చెరువులను తనిఖీ చేయడానికని జీపు పుస్తకంలో రాసి వచ్చారు. తొట్టి ముందు నిలబడి, ఎవరినీ అడగకుండా నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. "ఉప్పు సరిపోయింది" అన్నారు. ఇంకేదో అనబోయి ఆగిపోయారు.

ముందుగా రాళ్లన్నీ చోటు మార్చాం. తొట్టి కొత్త ఇల్లులాగా ఉంటే పాతది తన హక్కు మరిచిపోతుందని. ఓడాయన చేతిలో చేపను తోడి తీసే వలగరిటె పట్టుకుని నిలబడ్డాడు. నేను బుట్ట మూత తీశాను.

పిల్ల బయటికి రాలేదు. పెద్దది బుట్టలోకి తొంగిచూసింది. పిల్ల ఒక్క ఉదుటున బయటపడి రాళ్ల మీదుగా పారిపోయింది. పెద్దది వెంటపడింది. తొట్టి ఈ చివరనుంచి ఆ చివరకు, పైనుంచి కిందికి. ఒకసారి తోక పట్టుకుంది కూడా. ఓడాయన వలగరిటె నీళ్లలోకి దించబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఆగన్నా."

"సంపేస్తాదమ్మా."

"ఒక్క నిమిసం ఆగన్నా."

నేను పట్టు వదల్లేదు. నేను పట్టుకున్నది తప్పయితే ఈ మనిషి ఇల్లు కదలడు, ఆపరేషను లేదు, ఆ తరువాత జరిగేది నాకు తెలుసు. వదిలేద్దామా అని కూడా అనిపించింది.

పిల్ల మూలకు చిక్కింది. పారిపోయే చోటు లేదు. పెద్దది నోరు తెరిచి ముందుకొచ్చింది. అప్పుడు పిల్ల ఒక పక్కకు వాలి, ఒళ్లంతా గజగజ వణికించింది. చలిజ్వరం వచ్చినవాళ్లు వణికినట్టు. ఆ జాతిలో చిన్నది పెద్దదానికి లొంగానని చెప్పే తీరు అది. నేను పుస్తకంలో చదవడమే గానీ చూడడం అదే మొదలు. పెద్దది ఆగింది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ దాని మీదికి దూకింది, పిల్ల మళ్లీ వణికింది. అలా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి పెద్దది వెనుదిరిగి కుండ దగ్గరికి పోయింది. కాసేపటికి పిల్ల కూడా మెల్లగా, ఆగుతూ ఆగుతూ దాని వెనకే పోయింది. కుండ మూతి దగ్గర తటపటాయించింది. లోపలికి దూరింది.

మేమందరం కుండ వైపే చూస్తూ నిలబడ్డాం. అందులోంచి ఏమీ ఎగిరి బయటపడలేదు.

"అయింది" అన్నారు మా అధికారి. అటెండరు టీ తేవడానికి పోయాడు. ఓడాయన వలగరిటెను గోడకు తగిలించి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఆ వారంలోనే ఆయన వేలూరు పోయాడు. బస్టాండు దాకా నేను వెళ్లాను. ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, మేత ఎంత వేయాలో మళ్లీ మొదటినుంచీ చెప్పి బస్సెక్కాడు. ఒక చేతిసంచి, అంతే.

రోజూ సాయంత్రం ఆ ఇంటికి వెళ్లేదాన్ని. నేను మేత వేస్తే రెండూ తినేవి. పిల్ల దూకి అందుకుంటుంటే పెద్దది ఊరుకోలేక తానూ వచ్చేది. పని పది నిమిషాలది. కానీ నేను లైటు వేసుకుని ఆ కుర్చీలో చాలాసేపు కూర్చునేదాన్ని. నీళ్ల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఆయన ఇన్నాళ్లూ ఈ చప్పుడు మధ్యే అన్నం తిన్నాడని తలుచుకునేదాన్ని. కొన్నాళ్లకు నా అన్నం డబ్బాలో పెట్టుకుని అక్కడికే తీసుకుపోయేదాన్ని.

ఆసుపత్రి నుంచి ఆయన ఆఫీసుకు ఫోను చేసేవాడు. రిసీవరు చెవికి దూరంగా పెట్టుకుని వినేదాన్ని. అడిగేవి రెండే. తింటాండాయా? ఆ పిల్లను ఏమీ చేయలేదు గదా? "నీకెట్లుండాది అన్నా?" అంటే ఆ మాట ఆయనకు వినిపించేది కాదు. వినిపించేది కాదో, వినిపించనట్టు ఉండేవాడో నాకు తెలియదు.

ఆయన బతికి తిరిగొచ్చాడు. ఇంకా చిక్కిపోయి, రొమ్ము మీద పొడవాటి కుట్టుతో. బస్సు దిగి నేరుగా తొట్టి దగ్గరికే వెళ్లాడు. అద్దం మీద వేలు పెట్టాడు.

పెద్దది కుండలోంచి బయటికొచ్చింది. ఒకసారి చూసింది. పిల్ల రాయి వెనక్కి పోవడం గమనించి గిరుక్కున తిరిగి దాని వెంట వెళ్లిపోయింది. ఆయన వేలును అటూ ఇటూ జరిపాడు. రాలేదు. నీళ్లలో చెయ్యి పెట్టాడు. వచ్చి మణికట్టు మీద కొరికింది. కుండ దగ్గరికి రావద్దని.

చెయ్యి బయటికి తీసి తుడుచుకున్నాడు. "నన్ను మరిసిపోయినట్టుండాది" అన్నాడు.

"మరిసిపోలేదన్నా. దానికిప్పుడు పని ఉండాది."

"అదే గదమ్మా మనం కోరింది" అన్నాడు. ముఖం మీద నవ్వు ఉంది. కానీ ఆ సాయంత్రం నేను బయలుదేరినప్పుడు గుమ్మంలో నుంచి చూస్తే, ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని వీధిలోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. వీధిలో ఎవరూ లేరు.

మీరు అనుకోవచ్చు, కేసు బాగా ముగిసింది కదా అని. పుస్తకం ప్రకారం బాగానే ముగిసింది. పిల్ల పెరిగింది, మగదిగా నిలిచింది. మరుసటి ఏడు కుండ లోపలి గోడకు నారింజరంగు గుడ్లు అంటుకున్నాయి. మగది వాటికి కాపలా ఉండి రెక్కలతో విసిరేది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలను బతికించడం మా చేత కాలేదు. వాటికి పెట్టే సన్నటి మేత మా దగ్గర దొరకలేదు. కానీ జంట బాగుంది. బాగా లేనిది ఆయనే. ఆ తోడు తెచ్చింది నేను. అందుకు నేను ఈనాటికీ బాధపడను. కానీ ఆయన కుర్చీ ఎటు తిరిగి ఉందో చూడకుండా ఆ ఇంట్లోంచి ఎప్పుడూ బయటికి రాలేకపోయాను.

ఒక ఉదయం ఆయన మళ్లీ ఆఫీసు మెట్లెక్కి వచ్చి, బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏమన్నా, ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు. ఊరికే. ఈడ కూర్చుంటే మీకేమన్నా ఇబ్బందా?"

అటెండరు టీ మూడు గ్లాసుల్లో పోశాడు. అప్పటినుంచి ఓడాయన రోజూ వచ్చేవాడు. పేపరు చదివేవాడు, చదివింది మాకు గట్టిగా వినిపించేవాడు. ఆదివారాలు నేను ఆయన ఇంటికి పోయి వంట చేసేదాన్ని. ఇద్దరం తినేవాళ్లం. ఊళ్లో మాట్లాడుకున్నారు. అటెండరు ఆ మాటలు మెట్ల దగ్గరే ఆపేసేవాడు. తొట్టిలో ఆ రెండూ తమ కుండ చుట్టూ తాము తిరుగుతుండేవి. మేము ఉన్నట్టు కూడా వాటికి పట్టేది కాదు.

తరువాత వానలు వచ్చాయి. చెరువులు నిండాయి. ఎన్నో ఏళ్ల తరువాత చేపపిల్లలను వదిలే పని తగిలింది. సంచులు జీపులో వేసుకుని బయలుదేరుతుంటే ఓడాయన, "నేనూ వస్తానమ్మా" అని ఎక్కాడు. చెరువు దగ్గర పంచె పైకి మడిచి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. సంచి మూతి ఎలా విప్పాలో, నీళ్లలో ఎలా వంచాలో చూపించాను. సన్నటి బొచ్చెచేప పిల్లలు సంచిలో కాసేపు గుంపుగా నిలిచాయి. ఒకటి ముందు కదిలింది. వెంటనే అన్నీ ఒక్కసారిగా నీళ్లలోకి జారిపోయాయి. ఎర్రటి కొత్త నీళ్లు. క్షణంలో ఏదీ కనిపించలేదు.

ఆయన ఖాళీ సంచి పట్టుకుని వంగి అలాగే నిలబడిపోయాడు.

"ఇన్ని పోయినాయి గదమ్మా" అన్నాడు. గొంతు బాగా తగ్గించి, నాకు మాత్రమే వినిపించేలా. "ఒక్కటన్నా ఎనక్కి తిరిగి సూడలేదు."

నేను ఆయన చేతిలోని ఖాళీ సంచి తీసుకుని గట్టు మీద పెట్టాను. జీపులో ఇంకా సంచులున్నాయి. ఒకటి మోసుకొచ్చి ఆయన చేతులకు అందించాను.